చెప్పిన ఆసనం వెయ్యని మామ

భక్తవత్సలం మామకు చెప్పిన ఆసనం చెప్పినప్పుడు వెయ్యడం చేతకాదు. లేవమంటే కూర్చుంటాడు. కూర్చోమంటే బోర్లా పడుకుంటాడు. అందరూ బోర్లా పడుకుంటే తానొక్కడే వెల్లకిలా తిరిగి ఆకాశంలో కాకుల్ని చూస్తుంటాడు. మిల్లులో సూపర్‌వైజరుగా చేసి రిటైరైన మనిషి. ఆ మిల్లు అన్నేళ్ళు ఎలా నడిచిందో దేవుడికే తెలియాలి.

మా క్లాసు కోసపాళయంలో, పంకజవల్లి పెద్దమ్మ వాళ్ళ మేడ మీద, ఆదివారం పొద్దున్నే. ఇది రెండువేల ఆరు నాటి మాట. పుదుచ్చేరిలో యోగా క్లాసంటే బయట ఇంగ్లీషు, ఫ్రెంచి వినిపించేవి. మా మేడ మీద మాత్రం ఇంట్లో మాట్లాడుకునే తెలుగే, సగం తమిళం కలిసిందైనా సరే. నేర్పే మాస్టారు తిరువణ్ణామలై వెళ్ళిపోతూ ఒక పద్ధతి పెట్టి పోయారు. ఇకమీదట మాస్టారంటూ ఎవరూ ఉండరు, వచ్చేవాళ్ళే వంతులవారీగా ఒకరికొకరు చెప్పుకోవాలి. ఆ పద్ధతిని కాపాడే పని పెద్దమ్మ తన నెత్తిన వేసుకుంది.

"ఊరికే వచ్చి చేసి పోతానంటే కుదరదు. నలుగురికి చెప్తేనే మనకూ ఒంటబడతాది. చెప్పనోళ్ళు ఇంట్లోనే చేసుకోవచ్చు" అనేది.

మందుల షాపు నరేంద్రన్ మొదటిసారి చెప్పిన రోజు నాకింకా గుర్తుంది. ఒంటికాలి మీద నిలబడమన్నాడు. నిలబడ్డాం. కాళ్ళు వణుకుతున్నాయి, చెమటలు పడుతున్నాయి, అతను నోరు విప్పడు. మామ టక్కున కాలు మార్చేశాడు.

"ఏంది మామా, అప్పుడే మార్చేసినావు?" అన్నాడు నరేంద్రన్.

"నొప్పి పెట్టింది నాయనా."

"భక్తా! నీకు బుద్ధుందా?" పెద్దమ్మ అందుకుంది. "చెప్పేవాడు చెప్పకముందే మారస్తావే! ఇన్నేళ్ళుగా ఏం నేర్చుకున్నావు?"

"మరిచిపోయినా అక్కా."

అందరం పగలబడి నవ్వాం. నరేంద్రనూ నవ్వాడు, ఆపైన "సరే, అందరూ రెండో కాలు" అన్నాడు.

మామ వేషం మాత్రం పద్ధతిగా ఉండేది. కత్తితో గీసినట్టు ఇస్త్రీ మడతలున్న ఖాకీ నిక్కరు, తెల్ల బనియను. అంత శ్రద్ధగా తయారై వచ్చి అన్నీ తప్పులే చేసేవాడు. పెద్దమ్మ క్లాసు చెప్పే రోజైతే మరీ ఘోరం. ఆవిడ నోరు తెరిచేలోపు ఈయన ఏదో ఒకటి చేసేవాడు, ఆవిడ తిట్లు వీధి చివరి టీ కొట్టు దాకా వినిపించేవి.

ఇక నా సంగతి. పెళ్ళయిన కొత్త నుంచీ నేను తలుపేసుకుని, గోడవైపు తిరిగి ఆసనాలు వేసుకునేదాన్ని. బ్రహ్మాండంగా వేస్తున్నాననే అనుకున్నాను. మేడ మీదికి వచ్చిన మొదటి రోజే పెద్దమ్మ నా భుజాలు పట్టి కిందికి దించింది, "చెవుల్లోకి దూరతా ఉండాయి చూడు" అంటూ. అప్పటిదాకా నాలుగు మెట్లెక్కితే ఆయాసపడేదాన్ని. పక్కవాళ్ళ ఊపిరితో నా ఊపిరి కలిపి తీసుకోవడం అలవాటయ్యాక మేడ మెట్లన్నీ ఆగకుండా ఎక్కుతున్నాను. నాకు ఆ ఆదివారాలంటే ప్రాణం.

కానీ నలుగురి ముందు నోరు తెరిస్తే నా బుర్రలో ఉన్నదంతా ఆవిరైపోతుంది. అందుకే నా వంతు వచ్చినప్పుడల్లా ఏదో ఒకటి అడ్డం పెట్టేదాన్ని. చివరికి పెద్దమ్మ దారికి అడ్డంగా నిలబడింది.

"ఒకసారి జరమన్నావు. ఇంకోసారి వీరాంపట్టినం తిరునాళ్ళలో తేరు చూసి కాళ్ళు నొప్పులన్నావు. వచ్చే ఆదివారం చెప్తే చెప్పు నందితా, లేదంటే నీ చాప చుట్టుకుని పో."

చాప చుట్టుకుని పోతే మళ్ళీ ఆ గోడే నాకు గతి. తలుచుకుంటేనే ఏడుపొచ్చింది. ఆ వారమంతా అన్నం సయించలేదు. పప్పు తాలింపు వేస్తూ సూర్యనమస్కారం వరస వల్లించుకున్నాను, పప్పు మాడింది. మా ఆయన జాలిపడి "నన్ను నిలబెట్టి చెప్పి చూడు" అన్నారు. నిలబెట్టాను. ఊపిరి పీల్చి బిగబట్టమన్నాను. అంతలో పొయ్యి మీద పాలు పొంగాయి, పరిగెత్తాను. గిన్నె దించి, పొయ్యి తుడిచి వచ్చేసరికి ఆయన మొహం టమాటాలా ఉంది.

"అయ్యయ్యో, వదలొచ్చు కదా!"

"నువ్వు చెప్పకుండా ఎట్ట వదిలేది?" అన్నారు రొప్పుతూ.

నాకు భయం ఇంకా ఎక్కువైంది. ఒక్క మొగుడి గతే ఇలా అయితే, మేడ మీద అంతమందిని ఏం చేస్తానో?

ఆదివారం రానే వచ్చింది. మెట్ల దగ్గర మామ ఎదురయ్యాడు.

"ఏమ్మా, మొహం అట్ట పాలిపోయిందే?"

"భయంగా ఉంది మామా."

"నాకంటే ఎక్కువ తప్పులు చేసేవాళ్ళు యాడ ఉండారు? పద పద."

అందరి ముందూ నిలబడ్డాను. నమస్కారం చెయ్యమన్నాను. చేతులు పైకెత్తమన్నాను. అంతవరకే గొంతు వచ్చింది. తర్వాత ఏమిటి? బుర్ర శుభ్రంగా ఖాళీ. అందరి చేతులూ గాల్లో ఉన్నాయి. పక్క మేడ మీద వడియాలు పెడుతున్న కన్నియమ్మాళ్ కూడా చెయ్యి ఆపి నన్నే చూస్తోంది. పెద్దమ్మ కళ్ళు పెద్దవవుతున్నాయి. అయిపోయింది, చాప చుట్టేయడమే అనుకున్నాను.

సరిగ్గా అప్పుడే మామ ధబాలున ముందుకు వంగి కాళ్ళు పట్టుకున్నాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. నా బతుకు బజారున పడుతుంటే ఈయన ఆటలేమిటి!

"మామా! నేను వంగమన్నానా?"

"నడుము తొందరపడిందమ్మా."

"నేను చెప్పినాకే వంగాల! అందరూ వంగండి, ఊపిరి వదలండి" అన్నాను. అనేశాక తెలిసింది, అదే తర్వాతిదని.

మళ్ళీ ఆగిపోయేలోగా మామ కుడికాలు వెనక్కి లాగేశాడు. "ఆగు మామా! అందరూ కుడికాలు వెనక్కి." ఆయన నేలకు ఆనుకుని పాములా తల లేపాడు. "ఎవరు చెప్పినారు నీకు తల లేపమని?" ఇలా ఆయన్ని తిడుతూ తిడుతూ క్లాసంతా నడిపేశాను. కోపంలో భయం ఎటు పోయిందో తెలియలేదు. చివరికి శవాసనంలో కూడా మామను "కదలకుండా పడుకో" అని గదమాయించాను.

"గొంతుంది నీకు" అంది పెద్దమ్మ. "చాప ఇక్కడే పెట్టి పో."

ఆ తర్వాతి ఆదివారం కాలాపేట నుంచి కీర్తిక అనే అమ్మాయి వచ్చింది. యోగా చదువుకుని రోజూ క్లాసులు చెప్పే పిల్ల. తడుముకోవడం లేదు, వరస తప్పడం లేదు. నేను మామ ఏం చేస్తాడా అని ఓరగా చూస్తున్నాను. ఆయన ఏమీ చెయ్యలేదు. లేవమంటే లేచాడు, వంగమంటే వంగాడు. ఆ వయసులో ఆ నిటారు వీపు, ఆ మెల్లని ఊపిరి! అలాంటి ఆసనాలు మా మేడ మీద ఎవరం వెయ్యలేం.

క్లాసయ్యాక చాపలు చుడుతూ అడిగాను. "ఏంది మామా, ఈరోజు ఒక్క తప్పు కూడా చెయ్యలేదే?"

"ఆ పిల్లకు అన్నీ వచ్చు గదమ్మా. నాతో ఏం పని?"

నా చేతులు ఆగిపోయాయి. నరేంద్రన్ మరిచిపోయిన రెండో కాలు, నేను మరిచిపోయిన వంగడం, అన్నీ ఒక్కసారిగా అర్థమయ్యాయి. సిగ్గేసింది, ఆయన కాళ్ళు పట్టుకోవాలనిపించింది.

"నలుగురిలో నిన్ను నోటికొచ్చినట్టు తిట్టినా గదా మామా!"

"తిడితేనే గదా నీకు గొంతు లేచింది?"

అప్పుడే నాకు ఇంకో సందేహం వచ్చింది. "అయితే మామా, పెద్దమ్మ చెప్పేటప్పుడు అందరికంటే ఎక్కువ తప్పులు చేస్తావెందుకు? ఆమెకు అన్నీ కంఠతా గదా?"

మామ అటూ ఇటూ చూసి, నా చెవి దగ్గరికి వంగాడు.

"గట్టిగా అనబాక. పాపం, మా అక్కకు ఒక్కటీ గుర్తుండదు."

అంతలో పెద్దమ్మ కాఫీ గ్లాసులతో పైకి వచ్చింది. "ఏంది భక్తా ఆ గుసగుసలు? వచ్చే వారం నా వంతు. ఈసారన్నా బుద్ధిగా చెప్పింది చెప్పినట్టు చెయ్యి."

"సరే అక్కా" అని మామ వినయంగా కాఫీ అందుకున్నాడు.