కోటలో ఆమేన్

శుక్రవారం సెలవు కదా అని బహ్రెయిన్ కోట చూడడానికి బయల్దేరాను. సీఫ్‌లో బస్సు దిగి ఫోనులో మాట్లాడుతూ నడుస్తుంటే, ఒకావిడ వెనకనుంచి గబగబా వచ్చి నన్ను కలుసుకుంది.

"తెలుగోరాండి? కోటలో చర్చి ఉందంటగా, ఎటేపండి?"

భీమవరం వైపు మనిషి. దగ్గర్లోనే ఒక అరబ్బుల ఇంట్లో పనిచేస్తోందట. కోటలో ఒకప్పుడు పోర్చుగీసువాళ్లు ఉండేవారని, చర్చి కూడా ఉండే ఉంటుందని ఆ ఇంటి డ్రైవరు చెప్పాడట.

"మనామాలో చర్చికెళ్లాలంటే టైం చాలదండి. గంటసేపే పంపారు. మా చెల్లి చనిపోయిందండి, ఇవాళ ఊళ్లో భూస్థాపన."

అక్కడ చర్చి ఉందని నేనెప్పుడూ వినలేదు. ఆ మాట అనలేక వెంట వెళ్లాను. లోపలన్నీ కప్పులేని రాతిగదులే. ఆవిడ చుట్టూ చూసి, నీడ పడుతున్న ఒక గదిని ఎంచుకుంది. చెప్పులు బయట విడిచి, చున్నీ తలమీదికి లాక్కుని మోకరించింది.

"ప్రార్థన నేను చేసుకుంటానండి. ఆమేన్ అనడానికి ఇంకో మనిషుంటే బాగుంటది. మీరంటారా?"

మా ఇంట్లో ఎవరికీ అలవాటు లేని మాట అది. అయినా పక్కన కూర్చున్నాను. ఆవిడ చెల్లెల్ని పేరుపెట్టి పిలుస్తూ ప్రార్థించింది. చివరికొచ్చేసరికి చున్నీలో ముఖం దాచుకుని ఏడ్చేసింది. నేనే గట్టిగా "ఆమేన్" అన్నాను.

ఆ రోజు ఇంట్లో దీపం పెట్టినప్పుడు ఆ చెల్లి పేరు తలుచుకున్నాను. ఇప్పటికీ తలుచుకుంటూనే ఉన్నాను. అక్క పేరు మాత్రం అడగనే లేదు.