నూనె లేని పోపు

కామారెడ్డిలో మా వాడ మొత్తాన్ని ఒక్క పూటలో ఏడిపించిన మనిషిని నేను. అందుకు నాకు పట్టినవి రెండు బీరకాయలు, గుప్పెడు ఎండుమిర్చి, పుస్తకాలు ఎక్కువ చదివినవాడికి ఉండే తెలివి.

అమ్మ పోయి అప్పటికి ఐదో రోజు. బాపు కంట ఒక్క చుక్క రాలేదు, గొంతులోకి ఒక్క ముద్ద సరిగా దిగలేదు. దిగకపోవడం ఆయన తప్పు కాదు. చావు జరిగిన ఇంట్లో దినం అయ్యేదాకా పోపు పెట్టకూడదని మా చిన్నమ్మ పట్టు. ఉత్త ఉప్పూ పసుపూ వేసి ఉడికించిన బీరకాయ తింటే తడిసిన నోటుబుక్కు నమిలినట్టుంటుంది. బాపు దాన్ని కంచం అంచుకు నెట్టి, మజ్జిగ తాగి లేచేవాడు. మనిషి రోజురోజుకూ చిక్కిపోతున్నాడు. నాకు భయం పట్టుకుంది.

అమ్మయితే ధనియాలు, నువ్వులు, ఎండుమిర్చి వేయించి, దంచి బీరకాయలో కలిపేది. ఆ కూరంటే బాపుకు ప్రాణం.

"చిన్నమ్మా, పోపంటే ఏంది?"

"నూనెల ఆవాలు చిటపటమంటె పోపు."

"మరి నూనె లేకుంట ఉత్త మూకుడుల వేయిస్తె?"

చిన్నమ్మ నెత్తి కొట్టుకుంది. "నీ సదువు పాడుగాను! గిట్ల ఇప్పటిదాంక ఎవ్వలడగలేదురా."

అడగలేదంటే నిషేధం లేదనే కదా! వంటింటి తలుపు మూసి, అన్నీ ఒకేసారి మూకుట్లో పోసి మంట పెంచాను. ధనియాలు ఎర్రబడేదాకా ఆగాలని ఎక్కడో చదివాను. ధనియాలకు తొందరేమీ లేదు. నువ్వులు ఎగిరి నా చొక్కా మీదికి దూకాయి. మిరపకాయలు మాత్రం ఎవరి కోసమూ ఆగకుండా బొగ్గులయ్యాయి.

పొగ తలుపు సందుల్లోంచి ముందు గదికి నడిచింది. అక్కడ పరామర్శకు వచ్చినవాళ్లు పది మంది కూర్చున్నారు. పొమ్మనలేక పొగబెట్టడం సామెతలో ఉంది. నేను పొమ్మనాలనుకోనివాళ్లకే పెట్టాను.

"ఏందిరా ఈ ఘాటు!"

"కండ్లు పోయినయ్, జరుగుండ్రి!"

అందరూ కొంగులూ తువ్వాళ్లూ ముఖాలకు అడ్డం పెట్టుకుని, కన్నీళ్లు కారుస్తూ వాకిట్లోకి ఉరికారు. సరిగ్గా అప్పుడే నాగిరెడ్డిపేట నుంచి వచ్చిన మా మేనత్త ఆటో దిగింది. అంత్యక్రియలయ్యాక ఊరికి వెళ్లి, దినానికని మళ్లీ వచ్చింది. వాకిలి నిండా జనం, అందరూ ఏడుస్తున్నారు, వాళ్లలో తన అన్న లేడు. ఇంకేం కావాలి? సంచి అక్కడే పడేసి గుండెలు బాదుకుంది.

"వదినె పోయి అయిదు దినాలు గాలే, నువ్వు గూడ ఎనుకనే పోతివా అన్నా!"

ఎదురింటి అవ్వ పరుగెత్తుకొచ్చి, సంగతేమిటని అడక్కుండానే గొంతు కలిపింది.

లోపలి గదిలో పడుకున్న బాపు అప్పుడు బయటికి వచ్చాడు. ముక్కుకు తువ్వాలు, కళ్లు చింతనిప్పులు. చెల్లెలి శోకం నిలబడి ఓపిగ్గా విన్నాడు.

"నేనింక పోలేదే. పొయ్యికాడ వీడున్నడు సూడు, నన్ను పంపే పనిలనే ఉన్నడు."

ముందు నవ్వింది ఆయనే. నవ్వుతూ నవ్వుతూ అరుగు మీద కూలబడి వెక్కివెక్కి ఏడ్చాడు. ఘాటుకో, అమ్మకో, మేమెవరమూ అడగలేదు. చివరికి ముక్కు చీది, "ఆ బొగ్గులు ఏరేసి మిగిలింది దంచుకరాపో. ఆకలైతుంది," అన్నాడు.

చిన్నమ్మ కూడా కాదనలేదు.

బాపు అన్నం తింటుండగా, ఆ కంచం సాక్షిగా ప్రమాణం చేశాను. బతికినంతకాలం తలుపు మూసి మిరపకాయలు వేయించను. వేయించక తప్పకపోతే, మేనత్త ఏ ఆటోలో ఉందో ఫోన్ చేసి కనుక్కోకుండా పొయ్యి ముట్టించను.