ముందు తినమ్మా

సంపూర్ణమ్మ గదిలోకి ఏ పిల్ల ఏడుస్తూ వచ్చినా ఆవిడ నోట్లోంచి వచ్చే మొదటి మాట ఒకటే. "ముందు తినమ్మా, తర్వాత చెబుదువుగాని."

భీమవరంలో ఒక ఇంజనీరింగ్ కాలేజీ ఆడపిల్లల హాస్టల్‌కి ఆవిడ పదకొండేళ్లుగా వార్డెన్. గది మూల స్టీలు డబ్బాలు మూడుంటాయి. ఒకదాంట్లో సున్నుండలు, ఒకదాంట్లో జంతికలు, మూడోదాంట్లో ఏముంటుందో ఆ వారం ఆవిడ ఓపికను బట్టి ఉంటుంది. జ్వరమొచ్చిన పిల్లకి మిరియాల చారు, పరీక్ష పోయిన పిల్లకి గారెలు, ఇంటిమీద బెంగ పెట్టుకున్న పిల్లకి నెయ్యి వేసి కలిపిన ముద్దపప్పు అన్నం. డాక్టరు మందులు రాసినట్టు రాసేది, కాకపోతే కాగితం మీద కాదు, కంచంలో.

గోదావరి జిల్లాల్లో మనిషికి కష్టం వచ్చిందంటే ముందు విస్తరి వేస్తారు. గొప్ప గుణమే, ఎవరు కాదంటారు? కాకపోతే నోటినిండా అన్నం ఉన్న మనిషి మాట్లాడలేడన్న సంగతి ఆ మర్యాదలో ఒక్కరికీ తట్టదు. సంపూర్ణమ్మకూ తట్టలేదు, రామతులసి వెళ్లిపోయేదాకా.

రామతులసిది మండపేట. తండ్రి రైసుమిల్లులో కాటా దగ్గర పనిచేసేవాడు. మొదటి ఏడాదిలోనే ఆ పిల్ల మూడుసార్లు వార్డెన్ గది గుమ్మంలోకి వచ్చి నిలబడింది. "ఆంటీ, మీతో ఒక్క మాట..." అంది మూడుసార్లూ. మొదటిసారి సున్నుండ, రెండోసారి పులిహోర, మూడోసారి ఏకంగా భోజనం. మూడోసారి తలొంచుకుని అంతా తినేసి, వద్దంటున్నా వినకుండా కంచం కడిగి బోర్లించి, "వస్తానండి" అని వెళ్లిపోయింది. నాలుగు రోజుల తర్వాత తండ్రి వచ్చి ట్రంకు పెట్టె భుజానికెత్తుకున్నాడు. ఎందుకు మానేస్తున్నావమ్మా అంటే, "ఒంట్లో బాగోలేదండి" అంది. ఒంట్లో బాగానే ఉందని చూసే వాళ్లందరికీ తెలుస్తూనే ఉంది.

ఆ కడిగి బోర్లించిన కంచం సంపూర్ణమ్మ మనసులో ఉండిపోయింది. ఆ పిల్ల ఏం చెప్పడానికి వచ్చింది? మూడుసార్లు వచ్చిందంటే చిన్న సంగతి కాదు కదా.

మరుసటి ఏడు, అంటే రెండువేల మూడులో, రాజమండ్రిలో ఎనిమిది ఆదివారాల కౌన్సెలింగ్ శిక్షణ ఉందని కాలేజీ నోటీసు బోర్డులో కాగితం పెట్టారు. లెక్చరర్లెవరూ పేరు ఇవ్వలేదు. సంపూర్ణమ్మ ఇచ్చింది. పదో తరగతి చదివిన వార్డెన్‌కి ఇదేం సరదా అని ఆఫీసులో నవ్వుకున్నారు. నవ్వుకోనీ అనుకుంది.

ఒక చిన్న మేడమీద హాల్లో క్లాసు. నేర్పేది నీలవేణిగారు, సైకాలజీ చెప్పి రిటైరైన మనిషి. "బయటి దేశాల్లో దీన్నే పెంచి లైఫ్ కోచ్ అని ఒక ఉద్యోగమే చేశారండి" అని మొదలుపెట్టిందావిడ.

"కబడ్డీకి ఉంటారే, అలాంటి కోచాండి?" అని అడిగింది సంపూర్ణమ్మ.

"అలాంటిదే. కాకపోతే ఆడేది వాళ్లే, గెలిచేదీ వాళ్లే. మనం కూతకు కూడా వెళ్లకూడదు."

మొదటి ఆదివారం ఇద్దరిద్దరిని ఎదురెదురుగా కూర్చోబెట్టారు. ఒకరు పది నిమిషాలు మాట్లాడాలి, రెండోవారు వినాలి. అంతే పని. సంపూర్ణమ్మకు ఎదురుగా జగన్నాథరావుగారని కాకినాడ నుంచి వచ్చిన పెద్దాయన కూర్చున్నాడు. ఎరువుల ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయ్యాడు. ఆ ఏడే భార్య పోయింది. "ఆవిడకి పొద్దున్నే రేడియో పెట్టడం అలవాటండి. ఇప్పుడు నేను పెడుతున్నానుగానీ..." అంటూ ఆయన ఆగాడు. కళ్లు చెమ్మగిల్లాయి. సంపూర్ణమ్మ చెయ్యి దానంతటదే సంచీలోకి పోయి జంతికల పొట్లం పట్టుకొచ్చింది.

"రెండు తినండి బాబుగారూ. ఇంట్లో చేసినవే."

క్లాసంతా గొల్లుమంది. ఆయనా నవ్వి, ఒకటి కొరికి, "వాము బాగా పడిందండి" అన్నాడు. ఆ తర్వాత వాము గురించే మాట్లాడాడు.

నీలవేణిగారు మాత్రం నవ్వలేదు. "సంపూర్ణమ్మగారూ, రేడియో సంగతి ఆయన ఏం చెప్పబోయారు?"

"తెలీదండి."

"ఇంక తెలియదు కూడా. ఆయన ఏడిస్తే చూడలేకపోయింది మీరు. జంతిక పెట్టింది ఆయన కోసం కాదండి, మీ కోసం."

ఆ మాట సూదిలా దిగింది. ఆవేళ భీమవరం బస్సులో సంపూర్ణమ్మ కిటికీ పక్క కూర్చుంది. టిక్కెట్టు సైగతోనే తీసుకుంది. మూడు డబ్బాలూ, సున్నుండా, పులిహోరా, అన్నీ వరసగా కళ్లముందుకొచ్చాయి. పెట్టానని పొంగిపోయానే తప్ప విన్నానా ఎప్పుడైనా, అనుకుంది. కళ్లనీళ్లు తుడుచుకుంది.

తర్వాతి ఆదివారాల్లో నేర్చుకున్నవి చెప్పుకుంటే ఏమీ ఉండవు, చెయ్యబోతే మాత్రం ప్రాణం పోతుంది. సలహా అడిగేదాకా ఇవ్వకూడదు. జవాబును కడుపులో పెట్టుకుని ప్రశ్న అడగకూడదు. మనిషి మధ్యలో ఆగితే ఆ ఖాళీని మనం పూరించకూడదు, మనసులో ఇరవై అంకెలు లెక్కపెట్టుకోవాలి.

ముందు మొగుడి మీద ప్రయోగించింది. అప్పాజీ ఊరి బయట ఒకరి రొయ్యల చెరువు చూస్తాడు. అన్నం తింటూ ఆయన చెరువు సంగతులు చెబుతుంటే ఎప్పుడూ సగంలోనే "సర్లే, పెరుగు వేసుకో" అనే మనిషి, ఆవేళ బుగ్గన చెయ్యి పెట్టుకుని కూర్చుని వింది. అప్పాజీకి ముద్ద దిగలేదు.

"ఏంటే, ఒంట్లో బాగోలేదా?"

"బాగానే ఉంది. చెప్పు."

"చెప్పడానికేముంది? ఈ కొత్త కుర్రాళ్లకి మేత వెయ్యడమే తెలుసు. వేశాక గంటాగి, మేతతో నీళ్లలో దించిన చెక్ ట్రే పైకి లాగి చూడాలా, తిన్నాయో లేదో? చూడకుండా మళ్లీ వేస్తే అడుగున కుళ్లిపోద్ది. నీళ్లు పాడైపోతాయి. మేత తక్కువై చచ్చిన రొయ్యల్ని నేనెప్పుడూ చూళ్లేదే, ఎక్కువై చచ్చినవే."

ఇరవై ఏళ్ల కాపురంలో అప్పాజీ ఇంత మంచి మాట చెప్పడం ఇదే మొదటిసారేమో, లేక ఆవిడ వినడమే మొదటిసారేమో. రెండోదే నిజమని సంపూర్ణమ్మకు తెలుసు. పెరుగు గిన్నె ఆయన ముందుకు జరిపి, ఈసారి మాట పూర్తయ్యాకే జరిపానని తనలో తానే సంతోషించింది.

హాస్టల్లో మొదటి పరీక్ష దుర్గాశ్రీతో వచ్చింది. రెండో ఏడాది పిల్ల, కళ్లు ఎర్రగా చేసుకుని వచ్చింది. సంపూర్ణమ్మ డబ్బాల వైపు వీపు పెట్టి కూర్చుంది. రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, కుడిచేతిని ఎడమచేత్తో గట్టిగా పట్టుకుంది. పిల్ల ఒక మాట చెప్పి ఆగింది. ఒకటి, రెండు, మూడు...

"ఆంటీ, ఏంటి లెక్కపెడుతున్నారు?"

పెదవులు కదులుతున్నాయని ఆవిడకు తెలియనే తెలియదు. ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ నవ్వులోంచే పిల్ల మళ్లీ మొదలెట్టి, గదిలో పిల్లలు తనతో మాట్లాడటం మానేసిన సంగతి, ఎవరికీ చెప్పుకోలేనిది, మొత్తం చెప్పేసింది. సంపూర్ణమ్మ ఒక్క సలహా కూడా ఇవ్వలేదు. "నీకేం చెయ్యాలనుందమ్మా?" అని మాత్రం అడిగింది. చెయ్యాల్సింది పిల్లే చెప్పింది, వెళ్లి చేసుకుంది కూడా. ఆ తర్వాతే సున్నుండ పెట్టింది. అంతవరకూ ఆగిన సున్నుండకి రుచేమీ తగ్గలేదు.

ఆ సాయంత్రం సంపూర్ణమ్మ సంతోషం పట్టలేకపోయింది. వెంటనే దుఃఖమూ పట్టలేకపోయింది. ఇంత సులువా? అరగంట చేతులు కట్టుకుని కూర్చుంటే చాలా? అయితే రామతులసికి ఆ అరగంట ఎందుకు ఇవ్వలేకపోయాను?

అడ్మిషన్ రిజిస్టరులోంచి ఆ పిల్ల చిరునామా రాసుకుంది. ఎనిమిదో ఆదివారం సర్టిఫికెట్లు ఇచ్చే రోజు. సంపూర్ణమ్మ రాజమండ్రి వెళ్లలేదు. తణుకులో ఒక బస్సు, రావులపాలెంలో ఒక బస్సు మారి మండపేటలో దిగింది.

రైసుమిల్లు వెనక వీధిలో రెండు గదుల ఇల్లు. గుమ్మం పక్క కుట్టుమిషను ముందు రామతులసి కూర్చుని ఉంది. వార్డెన్‌ని చూసి లేచి నిలబడింది, నవ్వలేదు. తల్లి లోవలక్ష్మి మాత్రం కంగారుగా ఎదురొచ్చి, మంచం దులిపి, భీమవరం వార్డెన్ అని తెలియగానే ఎందుకొచ్చిందో అడక్కుండానే పీట వేసేసింది. కంచంలో వేడన్నం, పప్పు, వంకాయ కూర వచ్చేశాయి.

"అంత దూరం నుంచొచ్చేరు. ముందు భోంచెయ్యండి. మాటలెక్కడికి పోతాయండి!"

మాటలు ఎక్కడికి పోతాయో సంపూర్ణమ్మకు బాగా తెలుసు. ట్రంకు పెట్టెతో సహా మండపేట పోతాయి.

"ఏమీ అనుకోకమ్మా. ముందు మీ అమ్మాయి చెప్పాలి. ఆ తర్వాతే నేను చెయ్యి కడుక్కునేది."

లోవలక్ష్మి మొహం మాడిపోయింది. వచ్చిన మనిషి కంచం ముందు కూర్చోననడం ఆ వీధిలో ఎవరూ ఎరగరు. కంచం చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయింది. సంపూర్ణమ్మ మిషను పక్కన నేలమీద చతికిలబడింది.

"తులసీ, మూడుసార్లొచ్చావు. మూడుసార్లూ నీ నోరు మూయించేను. ఏం చెప్పాలనొచ్చావో ఇప్పుడు చెబుతావా?"

పిల్ల మిషను చక్రం మీద వేలితో గీతలు గీస్తోంది. సంపూర్ణమ్మ ఇరవై దాకా లెక్కపెట్టింది, మళ్లీ ఇరవై, ఆ తర్వాత లెక్క తప్పింది. మిల్లు చప్పుడు ఒక్కటే వినిపిస్తోంది.

"నేను ఇంటరుదాకా తెలుగు మీడియమండి" అంది చివరికి రామతులసి. "క్లాసులో ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. ప్రిన్సిపాల్‌గారికి చెప్పుకుందామంటే ఒక్కదాన్నీ వెళ్లాలంటే భయమేసేది. నాతో కూడా వస్తారేమో అడుగుదామనండి."

"మూడుసార్లూ అదేనా?"

"ఆయ్, అదేనండి. మీరంత ప్రేమగా పెడుతుంటే తింటూ ఏం అడుగుతాను? తిన్నాక ఇంకా ఏదో అడగడం బాగోదనిపించేది."

ప్రిన్సిపాల్ గది హాస్టల్‌కి పాతిక అడుగులు. అంతే దూరం. సంపూర్ణమ్మ మిషనుకి దగ్గరగా జరిగింది. "తప్పు నాదమ్మా" అంది. ట్యూషన్ పెట్టించనా, మళ్లీ చేర్పించనా, తెలుగు మీడియం డిగ్రీ అయితే ఎలా ఉంటుంది, అంటూ నాలుక చివర పది మాటలు తోసుకొచ్చాయి. పదింటినీ మింగేసింది. అంత కష్టపడి ఏ ముద్దా మింగలేదు ఆవిడ జన్మలో.

"ఇప్పుడు నీకేం కావాలమ్మా?"

రామతులసి తల్లి వైపు చూసింది, కుట్టులో సగంలో ఆగిన జాకెట్టు వైపు చూసింది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"తెలీదండి."

"ఫర్లేదు. తెలిసేదాకా కూర్చుంటాను."

లోవలక్ష్మి ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. చేతిలో కంచం మీద ఇంకో కంచం బోర్లించి, పొయ్యిగట్టు మీద పెట్టి వచ్చి, తనూ గడపలో కూర్చుంది.

"చెప్పవే తులసీ" అంది.