ఉరుగ్వేలో గడ్డి

సూర్యాపేటలో మిర్యాలగూడ బస్సెక్కాను. ఒళ్లో పోటీ పరీక్షకు చదువుతున్న దక్షిణ అమెరికా దేశాల పరిచయ పుస్తకం, పక్క సీట్లో గొంగడి కప్పుకున్న గొర్రెల కాపరి తాత. వానల్లేక వాళ్ల ఊళ్లో గడ్డి అయిపోయిందట. మందను ఎటు తోలాలో ముందుగా చూసి రావడానికి బయల్దేరాడు.

"ఏం సదువుతున్నవ్ బిడ్డా? జర గట్టిగ సదువు."

"బొలీవియాకు సముద్రం లేదు తాతా."

"ఉన్నా గొర్లు ఉప్పునీళ్లు తాగయి. ఇంకోటి సూడు."

"చిలీలో వానే పడని ఎడారి ఉంది."

"గది మా ఊర్లనే ఉన్నది."

ఉరుగ్వే దగ్గర మాత్రం ఆగాడు. దేశమంతా పచ్చిక, మనుషుల కంటే పశువులే ఎక్కువ. తాత కళ్లు మూసుకున్నాడు. బస్సు కాలువ వెంట ఊగుతుంటే నేనూ ఆ పచ్చికలో గొంగడి పరుచుకుని పడుకున్నట్టే అయింది. ఇంతలో కండక్టర్ వచ్చి టికెట్లు అడిగి, ఇద్దరినీ ఉరుగ్వే నుంచి దింపేశాడు.

మిర్యాలగూడ దగ్గరపడ్డాక, కోసిన వరి మళ్లలో మళ్లీ మొలిచిన పచ్చ కనబడింది. తాత బస్సు ఆపించాడు.

"నా మందకు గీడ నెల గడుస్తది," అన్నాడు మెట్ల మీద నిలబడి. "నౌకరి వచ్చి నువ్వు ఉరుగ్వే పోతే, పరాయి మందను మేపనిస్తరా అని అడిగి ఫోన్ చెయ్."