కిషన్‌బాగ్ దుకాణం మూయించిన లెక్క

కోపం వస్తే కొందరు తిట్టి తీర్చుకుంటారు, కొందరు ఏడ్చి తీర్చుకుంటారు. విమలాదేవి కంప్యూటర్ నేర్చుకుంది.

నయాపూల్ దగ్గర వాళ్ల మసాలా దినుసుల హోల్‌సేల్ దుకాణంలో గల్లా మీద కూర్చునేది ఆమే. భర్త లక్ష్మీకాంత్‌కు ఊళ్లు తిరిగి సరుకు కొనడమంటే ప్రాణం, ఒకచోట కూర్చోవడమంటే చిరాకు. అందుకని డబ్బుల పెట్టె, దాని వెనక గద్దె ఆమెకొచ్చాయి. గల్లా ఎవరిదో మాట వాళ్లదే. బజారంతా అలాగే నడుస్తుంది. బావగారు సోమశేఖర్‌కు ఇది కంట్లో నలుసు. కిషన్‌బాగ్‌లో అద్దాలు, ఏసీ పెట్టిన ఇంకో దుకాణం ఆయన చేతిలోనే ఉంది, అయినా ఓర్వలేడు. దీపావళి గల్లాపూజకు వ్యాపారులంతా వచ్చి కూర్చున్న వేళ నవ్వుతూ అనేశాడు: "మా తమ్ముడు చేతగానోడు భాయ్. గందుకే మా గల్లా మీద ఆడమనిషి కూసున్నది."

అందరూ నవ్వారు. మామగారు వెంకటనారాయణ కూడా. విమలాదేవి మిఠాయి పళ్లెం అందరికీ తిప్పింది, బావగారికి ఇంకో ముక్క కొసరి వేసింది. లోపల మాత్రం ఒళ్లు మండిపోతోంది. ఆ కిషన్‌బాగ్ దుకాణం మూయించకపోతే తన పేరు విమల కాదనుకుంది.

యాకుత్‌పురాలో వాళ్ల మేడమీద అద్దెకుండే పూజిత ఏలూరు పిల్ల, ఒక కంపెనీలో కంప్యూటర్ మీద వ్యాపారాల లాభనష్టాలు అంచనా కట్టే పని చేస్తుంది. విమలాదేవి ఆదివారాలు ఆమె దగ్గర కూర్చుని ఆ లెక్క నేర్చుకోవడం మొదలుపెట్టింది.

"అంచనాలన్నీ ఒక పేజీలో పెట్టండాంటీ. అద్దె, జీతాలు, కరెంటు, అమ్మకాలు ఎంత పెరుగుతాయి, అన్నీ. ఇక్కడ ఒక్క గడి మారిస్తే ఐదేళ్ల లాభనష్టాలూ వాటంతటవే మారిపోవాలి."

"మంచిగున్నది. అమ్మకం ఎంతకు పడిపోతే దుకాణం మూతపడ్తది? గది చూపియ్."

పూజిత పకపకా నవ్వింది. "లాభం ఎక్కడ మొదలవుతుందని అడుగుతారండీ అందరూ. మీరేంటి, తిరగేసి అడుగుతున్నారు!"

"నాకు గదే గావాలె."

తప్పులు చేయలేదా? బోలెడు. రంజాన్ గిరాకీని ఐదేళ్లూ ఒకే నెలలో పెట్టేసింది. పండుగ ఏటా పది పదకొండు రోజులు ముందే వస్తుందని పూజితకు తోచలేదు సరే, పుట్టినప్పటినుంచీ చూస్తున్న తనకేమైంది? నాలుక కరుచుకుని సరిదిద్దింది.

కిషన్‌బాగ్ అద్దె ఒప్పందం మళ్లీ ఐదేళ్లకు రాసుకోవలసిన రోజు రానే వచ్చింది. విమలాదేవి ఆ దుకాణం ఐదేళ్ల లెక్క తెరిచి మామగారి ముందు లాప్‌టాప్ పెట్టింది. చివరి వరుస ఎర్రగా ఉంది, అంటే నష్టం.

"గదంత ఉత్తదే బాపు. అమ్మకాలు పెరుగుతయి" అన్నాడు సోమశేఖర్.

"ఎంత పెరుగుతయో నువ్వే చెప్పు బావా."

"పది శాతం."

కొట్టింది. ఎరుపే.

"పదిహేను!"

ఎరుపే.

"ఇంకా చెప్పు బావా, అడ్డమేమున్నది?"

అబ్బ, ఆ ఒక్క మాట అనడానికే కదా అన్ని ఆదివారాలు ధారపోసింది! బావగారి మొహం మాడిపోయింది. మామగారు కళ్లజోడు తీసి, "ఖాళీ చెయ్ పెద్దోడా" అన్నారు. ఆ పూట విమలాదేవి తృప్తిగా కడుపునిండా తిన్నది.

కిషన్‌బాగ్ దుకాణానికి తాళం పడిన మర్నాడు ఆమె నయాపూల్ వెళ్లేసరికి గద్దె మీద సోమశేఖర్ కూర్చుని ఉన్నాడు. యాలకుల బస్తాల పక్కన ఆమెకొక ప్లాస్టిక్ కుర్చీ వేశారు.

"ఇదేంది మామా?"

"పెద్దకొడుకు గల్లా మీద గాక ఏడ కూసుంటడు బిడ్డా? ఇన్నొద్దులు ఆనికి వేరే దుకాణముండె."

"మస్తు లెక్కగట్టినవ్ విమలా" అన్నాడు సోమశేఖర్, మీసం దువ్వుకుంటూ.

పనివాళ్లను ఎక్కడ సర్దాలో రాసుకుంది. ఏసీని ఎవరికి అమ్మాలో రాసుకుంది. మూసేశాక బావ ఎక్కడ కూర్చుంటాడో మాత్రం రాసుకోలేదు. వ్యాపారుల ఇంటి కోడలై ఉండి ఆ మాత్రం తట్టలేదే! పగ తీర్చుకోబోయి, చేజేతులా తెచ్చి నెత్తిన కూర్చోబెట్టుకుంది.

ఆదివారం విషయమంతా విని పూజిత బిక్కమొహం వేసింది. "పోనీ వదిలేయండాంటీ."

"వదులుతనా? నయాపూల్ దుకాణానికి కొత్త లెక్క తియ్. ఆయన్ని మా మామే చెయ్యి పట్టి లేపాలె."

పూజిత ఖర్చుల్లో మొదటి గడిలో అద్దె అని కొట్టబోయింది. విమలాదేవి ఆమె చెయ్యి పక్కకు జరిపి, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ తనే కొట్టింది: సోమశేఖర్.