తూము లేదన్నాను

రోడ్డు గ్యాంగులో పనిచేసినవాళ్లకు తప్ప బయటివాళ్లకు పట్టని సంగతి ఒకటుంది. రోడ్డు మీద ఒక గుంత పూడ్చాలంటే కనీసం ముగ్గురు మనుషులు కావాలి. ఒకరు తారు కలిపిన కంకర పోసి దిమ్మిసతో కొట్టాలి, మిగతా ఇద్దరూ అటొకరు ఇటొకరు ఎర్ర గుడ్డ పట్టుకుని బండ్లను ఆపాలి. గ్యాంగులో నేనొక్కదాన్నే మిగిలాక, చీపురు పట్టుకుని రోడ్డు పక్కన కూర్చోవడం తప్ప చేయగలిగింది పెద్దగా ఏమీ లేకపోయింది.

పెనుకొండ నుంచి ధర్మవరం పోయే దారిలో ఒక ముక్క మాది. ఎనిమిదిమందిమి ఉండేవాళ్లం. మా ఆయన ఆ గ్యాంగులో పనిచేస్తూనే చనిపోతే ఆ ఉద్యోగం నాకిచ్చారు. పది దాకా చదివాను గనుక మస్టరు, అంటే హాజరు పట్టీ, రాసే పని కూడా నాకే అంటగట్టారు. ధర్మవరంలో మగ్గం మీద చీరలు నేసే ఇంటి పిల్లను. పార పట్టిన మొదటి వారమే అరచేతులు బొబ్బలెక్కాయి. మా మేస్త్రీ చూసి నవ్వి, పట్టు చేతులు కదా, నాలుగు దినాలు మెల్లగా పట్టుకోమన్నాడు. ఇక చూడండి, ఇరవై ఏళ్లు అందరూ నన్ను పట్టుచేతులామె అనే పిలిచారు.

తొలకరిలో పడే ముంగారు వానలకు ముందు మాకు తూముల పని ఉండేది. తూములంటే రోడ్డుకు ఎగువన పడ్డ వాన నీళ్లు కింది నుంచి దిగువకు దాటిపోయే దారులు. ఏడాదంతా పేరుకున్న మట్టి, కంప తీసేసి, చివరికి ఈ మూతి దగ్గర ఒకరు, ఆ మూతి దగ్గర ఒకరు కూర్చునేవాళ్లం. ఇక్కడి నుంచి కేక వేస్తే అక్కడ మాట విడివిడిగా వినబడాలి. ముద్దముద్దగా వినబడిందంటే లోపల ఇంకా మట్టి ఉన్నట్టే. మేస్త్రీ మళ్లీ దిగమనేవాడు. ఆ కేకల్లో నడిచే ఎగతాళి అంతా ఇంతా కాదు. నా కోపం మీద, నా ఊరుబిండి పచ్చడిలో ఉప్పు మీద అవతలి నుంచి మాటలు వచ్చేవి. నేనూ ఊరుకునేదాన్ని కాదు.

తర్వాత ఒక్కొక్కరే తగ్గిపోయారు. రిటైరైనవాళ్ల జాగాలో కొత్తవాళ్లను వేయలేదు. ఒకాయనను హిందూపురం ఆఫీసులో ఫైళ్లు మోయడానికి వేశారు. మేస్త్రీ దిగిపోయి హిందూపురంలోనే కూతురి దగ్గర చేరాడు. రోడ్డు పనంతా ఒక కంట్రాక్టరుకు ఇచ్చారు. ఆయన ఇంకొకరికి ఇచ్చాడు. ఆ ఇంకొకరు ఎవరో నేను ఏనాడూ చూడలేదు.

వాళ్ల ఘనకార్యాలు చూస్తే నవ్వాలో ఏడవాలో తెలిసేది కాదు. గుంతలు పడ్డ చోటు వదిలేసి బాగున్న రోడ్డు మీదే మళ్లీ తారు పోశారు. చదునుగా ఉన్న చోటైతే మిషను తొందరగా పోతుందట. మలుపు లేని చోట మలుపు బోర్డు పెట్టారు. సోలారు దీపమని ఒకటి నాటారు, నాటినవాళ్లు జీపెక్కేలోపే అది ఆరిపోయింది. పొర మీద పొర వేసి వేసి రోడ్డు ఎంత ఎత్తు పెరిగిందంటే, మేము ఎర్ర జాజు పూసి సున్నం కొట్టిన కిలోమీటరు రాళ్లు సగానికి పూడిపోయాయి. దీన్నే అభివృద్ధి అని బోర్డు మీద రాశారు.

నేను మాత్రం మస్టరులో నా పేరొక్కటే రాసుకుని, నాకు నేనే హాజరు వేసుకునేదాన్ని. ఒక ఏడు ముంగారుకు ముందు ఒక్కదాన్నే తూములోకి దిగి, చేతనైనంత మట్టి తీసి, అలవాటు చొప్పున కేక వేశాను. అవతల ఎవరున్నారని పలకడానికి? సిగ్గేసింది, ఆ వెనకే ఏడుపొచ్చింది. పార భుజాన వేసుకుని ఇంటికొచ్చేశాను. ఆ తర్వాత తూముల జోలికి పోలేదు. కంప చెట్లు పెరిగి మూతులను కప్పేశాయి.

నిరుడు రోడ్డు వెడల్పు చేసే పని మొదలైంది. కంట్రాక్టరు తరఫున ఒక ఇంజినీరు వచ్చాడు, తెలుగు రాదు, చేతిలో పలక లాంటి ఫోను. రోడ్ల శాఖ మనిషిని అక్కడ నేనొక్కదాన్నే ఉన్నా, ఆయన నన్ను కసువు ఊడ్చే ఆడమనిషి కిందే జమకట్టాడు. మొదటి రోజు తూము సంగతి చెబుదామని దగ్గరికి పోతే, పక్కకు పొమ్మని చేత్తో సైగ చేశాడు. రెండో రోజు టీ తెమ్మన్నాడు. తెచ్చి ఇస్తే, తాగుతూ కూడా నా ముఖం చూడలేదు.

మూడో రోజు టిప్పర్లు ఎర్రమట్టి తెచ్చి రోడ్డు అంచున పోస్తున్నాయి. సరిగ్గా మా పెద్ద తూము దగ్గరికి వచ్చాక ఇంజినీరుకు ఏం తోచిందో, పని ఆపించాడు. మడకశిర వైపు నుంచి వచ్చిన టిప్పరు డ్రైవరు చేత నన్ను అడిగించాడు.

“ఈడ నీళ్లు పోయేకి దారేమన్నా ఉండాదా అక్కా?”

నేను నిలబడ్డ చోటికి పది అడుగుల్లో, కంప కింద ఉంది తూము మూతి.

“నాకేం తెలుసప్పా. మీ పటంలో చూసుకోండి.”

ఉందో లేదో చెప్పమని డ్రైవరు మళ్లీ అడిగాడు. లేదన్నాను. టిప్పరు వెనక్కి వచ్చి తూము మూతి మీదే మట్టి దించింది.

కోపంతోనే అన్నాను, కాదనను. కానీ కోపమొక్కటే కాదు. వానకు రోడ్డు తెగితే, గ్యాంగు లేనిదే రోడ్డు నిలవదని పైవాళ్లకు తెలిసొస్తుందని, మావాళ్లను మళ్లీ వేస్తారని ఆశపడ్డాను. మధ్యాహ్నం ఒక్కదాన్నే క్యారియరు విప్పుకునే బతుకు పోతే చాలనిపించింది. ఆఫీసుల తీరు ఇన్నేళ్లు చూసి కూడా నాకు అంత పిచ్చి ఆశ.

వాన మా సీమకు అలవాటు లేనంతగా కురిసింది. నీళ్లు ఎగువన నిలిచి నిలిచి, ఒక పొద్దున రోడ్డును కోసుకుని దిగువ చేల మీద పడ్డాయి. జీపులొచ్చాయి, ఫోటోలు తీసుకున్నారు. అతివృష్టి అని రాసుకున్నారు. తెగిన చోట పెద్ద వంతెన కట్టే పని అదే కంట్రాక్టరుకు ఇచ్చారు. నీళ్లు ఎటు పారుతాయో చూసి చెప్పడానికి ఇంకో కంపెనీని వేరే పెట్టారు. గ్యాంగు మాట ఎవరి నోటా రాలేదు. నన్ను ఎర్ర గుడ్డ పట్టుకుని నిలబడమన్నారు.

దిగువ చేను రైతు రెండు రోజుల తర్వాత రోడ్డు మీదికి వచ్చాడు. ఇరవై ఏళ్లు మా గ్యాంగు తాగింది ఆయన బోరు నీళ్లే. మందలో సగం గొర్రెలు అమ్మి ఆ ఏడు శనక్కాయ వేశాడు. చేనంతా మా రోడ్డు మట్టి కింద ఉంది. వచ్చి నా పక్కన కూర్చున్నాడు.

“మీ గ్యాంగు ఉండింటే ఇట్లయ్యేది కాదక్కా. మీలో ఒక్కరన్నా ఆ పొద్దు ఈడ ఉండింటే, తూముండాదని చెప్పిండేవాళ్లు.”

ఆ పొద్దు నేను పనికి రాలేదనుకున్నట్టుంది, తలూపి ఊరుకుంటే సరిపోయేది. ఊరంతా కంట్రాక్టరునే తిడుతోంది, ఆ తిట్లు ఆయనకు తగినవే. కానీ ఆ రైతు పక్కన కూర్చుని ఊరుకోవడం నావల్ల కాలేదు.

“నేనుంటినప్పా. నన్నే అడిగిరి. లేదంటి.”

ఎందుకలా అన్నానో అదీ చెప్పాను. టీ సంగతి, మావాళ్లు మళ్లీ వస్తారనుకున్న సంగతి, ఏదీ దాచలేదు. ఆయన తిడతాడనుకున్నాను. తువ్వాలు దులుపుకుని లేచాడు.

“వాళ్లకు చెప్పకుంటే పోనీ. మాకొక మాట చెప్పింటే, పారలెత్తుకుని ఊరంతా వచ్చిండేవాళ్లం కదక్కా.”

గ్యాంగు పోయిన ఇన్నేళ్లలో, పక్కనే ఉన్న ఆ ఊరిని తోడు పిలవాలని నాకు ఒక్కనాడు కూడా తోచలేదు.