లోపలి నుంచి గడియ పడిన పంపు గది

దయ్యాల సంగతి ఎవరైనా ఎత్తితే నేను ముందు అడిగేది ఒకటే: అప్పుడు కరెంటు ఉందా, పోయిందా? చాలామంది పోయిందనే చెబుతారు. నా వరకు కథ అక్కడితో అయిపోతుంది. సిద్దిపేటలో మాది మోటార్లు, పంపుల సామాను అమ్మే షాపు. తిరిగేది ఆగిందంటే దానికో కారణం ఉంటుంది, విప్పి చూస్తే దొరుకుతుంది. ఇన్నేళ్లు కౌంటర్‌లో కూర్చుని నేను నేర్చుకున్న చదువు ఇదే.

అలాంటి నేను ఇది రాస్తున్నానంటే నాకే నవ్వొస్తోంది. పైగా ఇది జరిగింది పట్టపగలు, ఎండ ఫెళ్లున కాస్తుండగా.

మర్కూక్ దగ్గర మాకు కొంచెం పొలం ఉంది. రిజర్వాయర్ వచ్చాక అటు హైదరాబాద్ వాళ్ల రాకపోకలు పెరిగాయి. శని, ఆదివారాలు కిరాయికి ఇద్దామని మా ఆయన అక్కడ చిన్న ఇల్లు కట్టించి, వెనకాల హాట్ టబ్ పెట్టించాడు. నలుగురు కూర్చునేంత తొట్టి. అందులో వేడి నీళ్లు, పక్కల నుంచి పంపు తోసే నీటి ధారలు. దాన్ని చూసి మా మరిది మహేందర్, "వదినె, గిండ్ల బర్రెను కడిగినా జర ఫాయిదా ఉండు" అన్నాడు.

కిరాయికి ఇవ్వకముందే ఆ తొట్టికి అసలు పని తగిలింది. మా అక్క స్వరూప బండి మీద నుంచి పడి కాలు విరగ్గొట్టుకుంది. ఎముక అతికింది గానీ మోకాలు వంగడం లేదు. వేడి నీళ్లలో కూర్చుని కాలు ఆడించమన్నాడు డాక్టర్. అమ్మ పోయాక నాకు జడలు వేసింది, అన్నం పెట్టింది, దగ్గరుండి పెళ్లి చేసింది అక్కే. ఆమె కర్ర పట్టుకుని నడుస్తుంటే నేను చూడలేకపోయేదాన్ని. ఎలాగైనా ఆ కాలు వంచాలని పట్టుబట్టాను.

ఇంతలో దసరా వచ్చింది. మా ఇళ్లల్లో దసరాకు ఇనుప సామాను అంతటికీ పూజ చేస్తారు. ట్రాక్టర్, బోరు మోటారు, స్కూటరు, చివరికి పార కూడా. కడిగి, అరిగే చోటల్లా గ్రీసు పెట్టి, బొట్టు పెట్టి, నిమ్మకాయ కడతారు. ఆ రోజు మహేందర్ గ్రీసు డబ్బా పట్టుకుని టబ్ పంపు గదిలోకి కూడా దూరాడు. జాయింట్లు విప్పి, లోపలి రబ్బరు రింగులన్నింటికీ ట్రాక్టర్ గ్రీసు దండిగా పట్టించాడు. "పండుగ పూట దీన్నొక్కదాన్ని ఉపాసం పెడ్తమా?" అన్నాడు. అందరం నవ్వాం. గ్రీసు పెడితే చెడేది ఏమైనా ఉంటుందని మాలో ఎవరికీ తట్టలేదు.

దీపావళి దగ్గరికొచ్చాక అక్కను పొలానికి తీసుకెళ్లాను. మొదటి రోజు సాయంత్రం వరకు నీళ్లు కాచి, మెయిన్ స్విచ్ ఆపి, పంపు గది తలుపుకు బయటి గొళ్లెం వేశాను. వేసింది నేనే. పక్కన మా పొలం కాపలా చూసే మల్లేశం కూడా ఉన్నాడు. టబ్ మీద మూత ఉంటుంది కాబట్టి తెల్లారే వరకు నీళ్లు గోరువెచ్చగా ఉంటాయి.

మరునాడు టిఫిన్ చేశాక అక్క నా భుజం పట్టుకుని మెట్లెక్కి టబ్‌లోకి దిగింది. కాసేపటికే, "నీళ్లు సల్లబడుతున్నయే, మిషిన్ వెయ్యి" అంది. నేను పంపు గది దగ్గరికి వెళ్లాను. స్విచ్ లోపలి గోడకు, తలుపు పక్కనే ఉంటుంది. లోపలికి చూడకుండా, గడప బయటే నిలబడి చెయ్యి పెట్టి వేయడం నా అలవాటు.

గొళ్లెం తీసి తలుపు తోశాను. రాలేదు. భుజంతో తోశాను, కదల్లేదు. లోపల గడియ పడి ఉంది. అది రెండు వైపులా వేసుకునే ఇనుప తలుపు, రెడీమేడ్‌గా కొన్నది. మల్లేశం లోపల దూరి నిద్రపోతున్నాడనుకుని నాకు చిర్రెత్తి, నోటికొచ్చినట్టు తిట్టాను. మల్లేశం నా వెనక నుంచి, గడ్డిమోపుతో వచ్చాడు.

అప్పుడు గాని నాకు వెలగలేదు. బయట గొళ్లెం నేను తీసేదాకా పడే ఉంది. లోపల మనిషి ఉంటే బయట గొళ్లెం ఎవరు వేస్తారు? మనిషి బయట ఉంటే లోపల గడియ ఎవరు వేస్తారు? ఆ గదికి వేరే తలుపు లేదు. పైన గాలి కోసం జానెడు జాలీ ఉంది, అంతే.

మల్లేశం బకెట్ బోర్లించి ఎక్కి జాలీలోంచి చూశాడు. "అమ్మా, లోపట ఎవ్వలు లేరు. కింద నీళ్లున్నయ్" అన్నాడు.

గడ్డపారతో తలుపు పెళ్లగించాం. ఎండలోంచి చూస్తే లోపల మొదట ఏమీ కనబడలేదు. తర్వాత కనబడింది. పంపు జాయింట్‌లో రబ్బరు రింగు ఉబ్బి, మెత్తబడి, పూరీ అంచులా బయటికి పొంగి ఉంది. దాని కింద నుంచి నీళ్లు ధారగా హీటరు కరెంటు డబ్బా మీద పడుతున్నాయి. నేలంతా తడి. గడియ వంగింది గానీ రంధ్రంలోనే ఉంది, దాని పిడి కిందికి తిరిగి ఖాంచాలో, అంటే పిడిని పట్టి ఉంచే గాడిలో, కూర్చుని ఉంది. ఆ పిడి ఎంత బిగువంటే రెండు చేతులతో గాని తిరగదు.

నేను పరుగెత్తి అక్కను నీళ్లలోంచి లాగినంత పని చేశాను. తువ్వాలు చుట్టి ఆమెను పట్టుకుని ఏడ్చాను, మధ్యలో నవ్వాను. "ఏందే, ఏమైంది నీకు?" అని ఆమె నా మొహంలోకి చూస్తోంది.

సాయంత్రం ఎలక్ట్రీషియన్ వచ్చి డబ్బా విప్పాడు. ఎర్త్ వైరు ఊడి ఉంది. "మెయిన్ స్విచ్ వేసి ఉంటే?" అని అడిగాను. అతను టబ్ వైపు ఒకసారి చూసి, "గా ముచ్చట అడగకున్రి మేడం" అన్నాడు.

రింగు ఎందుకు ఉబ్బిందో మాత్రం నేను తేల్చుకున్నాను. మా షాపులో మూడు గిన్నెలు పెట్టి అలాంటి కొత్త రింగులే వేశాను. ఒకదానికి ట్రాక్టర్ గ్రీసు, ఒకదానికి వాసెలిన్, ఒకదానికి ఈత కొలను పంపులకు వాడే సిలికాన్ గ్రీసు. కొన్నాళ్లకు మొదటిది తన గాడిలో పట్టనంత ఉబ్బింది. వాసెలిన్‌ది కూడా అదే దారి పట్టింది. సిలికాన్ పూసింది కొన్నప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది. ట్రాక్టర్ గ్రీసు, వాసెలిన్ రెండూ పెట్రోలు జాతివి, ఈ రకం రబ్బరు వాటిని తాగి ఉబ్బుతుందని సామాను పంపే కంపెనీ వాళ్లు ఫోన్‌లో చెప్పారు. రింగులన్నీ మార్చి, గాడులు సబ్బు నీళ్లతో కడిగి, సిలికాన్ పలచగా, మెరిసేంత మాత్రం పూశాం. మహేందర్ ఇప్పుడు షాపుకొచ్చిన ప్రతివాడికీ ఇదే పాఠం చెబుతున్నాడు, వాడే కనిపెట్టినట్టు.

గడియ సంగతే తేలలేదు. దానంతట అది జారిందా అంటే, జారేది పిడి తిప్పుకుని ఖాంచాలో కూర్చోదు. పంపు అదురుకు పడిందా అంటే, పంపు ఆపాకే కదా నేను తలుపు మూసింది. మల్లేశం, "పోచమ్మ తల్లి అడ్డం నిలవడ్డది" అని కోడిని కోశాడు. నేను ఔననలేదు, కాదనలేదు, కూర మాత్రం తిన్నాను. అక్కకు భయమే వేయలేదు. "ఎవ్వలైతేంది, మనోళ్లే అయ్యుంటరు" అంది. ఇప్పుడు ఆమె మోకాలు సగానికి పైగా వంగుతోంది. కర్ర ఎక్కడ పెట్టిందో ఆమెకే గుర్తుండటం లేదు.

విప్పి చూస్తే కారణం దొరుకుతుందనే నేను ఇప్పటికీ అంటాను. ఇది విప్పి చూశాను, దొరకలేదు. దొరకకపోయినా రాత్రిళ్లు హాయిగా నిద్ర పడుతోంది.

పాత తలుపు పనికిరాకుండా పోయింది. కొత్తది చేస్తూ వెల్డర్ అడిగాడు, "లోపలి గడియ ఎందుకు మేడం, మోటారు రూంల ఎవ్వలుంటరు?"

"ఉండనీ, పెట్టు" అన్నాను.